"దేవుడే చూసుకుంటాడు" అంటూ నాన్న ఎవరి సాయమూ తీసుకోవట్లేదు, ఇది విశ్వాసమేనా?

ఒంగోలు_ఆడపిల్ల

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె, తాతల కాలం నుంచి బాప్టిస్టు సంఘం. నాన్నకి 68 ఏళ్ళు, సంఘ పెద్ద. కొద్దిగా సొంత పొలం, ఇంకొంత కౌలు, పొగాకు వేస్తారు. నేను హైదరాబాదులో స్టాఫ్ నర్సుని. సంక్రాంతి తర్వాత నుంచి నాలుగడుగులు వేస్తే చాలు ఛాతీ పట్టేసినట్టు ఉంటోందట, అమ్మ ఆలస్యంగా చెప్పింది. బలవంతంగా తీసుకెళ్ళి యాంజియోగ్రామ్ చేయిస్తే మూడు రక్తనాళాల్లోనూ బ్లాకులు ఉన్నాయి, స్టెంట్లు సరిపోవు, బైపాస్ చేయాలన్నారు.

నాన్న ఆపరేషన్ వద్దనడం లేదు. మందులు టైముకి వేసుకుంటారు, డాక్టర్ చెప్పింది వింటారు. ఆయన వద్దనేది డబ్బు. నా డబ్బు వద్దు, అది నా పెళ్ళికి దాచుకున్నదట. సంఘంలో వాళ్ళు తలా కొంచెం వేస్తామని ఇంటికే వచ్చారు, వాళ్ళకి టీ ఇచ్చి ప్రార్థన చేసి పంపించేశారు. ఆరోగ్యశ్రీలో చేయిద్దామంటే "అది లేనివాళ్ళకమ్మా, నాకంటే లేనివాళ్ళు ఉన్నారు" అంటారు. పొగాకు వేలం అయ్యాక డబ్బులొస్తాయి, అప్పుడు చేయించుకుంటాను, ఈలోపు దేవుడే చూసుకుంటాడు. ఇదీ వరస.

నాకు కోపం, భయం రెండూ వస్తున్నాయి. మా అన్నయ్య "అది విశ్వాసం కాదు, గర్వం" అని ముఖం మీదే అనేశాడు, నాన్న ఆ రోజు అన్నం తినలేదు. నాకైతే ఆ మాట అనడానికి నోరు రావట్లేదు. ఆదివారం అందరికంటే ముందు వెళ్ళి గుడి ఊడ్చేది ఆయనే, సంఘ పెద్ద అయ్యుండి కూడా చాపల మీదే కూర్చుంటారు, ఎవరింట్లో చావు జరిగినా గొయ్యి తవ్వే దగ్గర ఉంటారు. ఇంత తగ్గించుకుని బతికిన మనిషికి గర్వం ఏమిటి? కానీ ఒక్కరి దగ్గర ఒక్క రూపాయి పుచ్చుకోలేకపోవడాన్ని ఏమనాలి?

ఇంకొకటి కూడా చెప్పాలి. మా సంఘంలో సాక్ష్యాలంటే అన్నీ తీరిపోయినవాళ్ళ సాక్ష్యాలే. ఇల్లు కట్టాం, అబ్బాయికి వీసా వచ్చింది, జబ్బు పోయింది, దేవునికి స్తోత్రం. ఇంకా కష్టంలోనే ఉన్నాను, నా కోసం ప్రార్థించండి అని పెద్దవాళ్ళు నిలబడి చెప్పడం నేను చూడలేదు. నాన్న మీద దీని ప్రభావం కూడా ఉందని నా అనుమానం.

ఆయన్ని నొప్పించకుండా ఎలా ఒప్పించాలి? దేవుణ్ణి నమ్మడం అంటే మనుషుల దగ్గర ఏమీ తీసుకోకపోవడమేనా?

అమ్మగారు_తెనాలి

అమ్మా, వందనాలు. నర్సువి కాబట్టి నీకు తెలిసిందే, అయినా చెప్తున్నాను. కూర్చుని ఉండగా నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా ఇంక డబ్బు సంగతి ఆలోచించకుండా వెంటనే 108కి ఫోన్ చేయమని మీ అమ్మకి గట్టిగా చెప్పి ఉంచు.

నేను పాస్టరు భార్యని. మాకు ఎక్కువగా ఎదురయ్యేది వేరే రకం, మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టే అనేవాళ్ళు. వాళ్ళకి చావు జబ్బు పడ్డ హిజ్కియా రాజు సంగతి చెప్తాం. ఇంకో 15 ఏళ్ళు బతుకుతావని దేవుడు మాట ఇచ్చిన తర్వాత కూడా, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమనే యెషయా ప్రవక్త చెప్పాడు. మీ నాన్నగారికి ఈ పాఠం అక్కర్లేదు, ఆయన మందులు వేసుకుంటూనే ఉన్నారు కదా. అందుకని వైద్యం గురించి వాక్యాలు తీసి వాదనకి దిగకు.

ఆయనకి కష్టంగా ఉన్నది పుచ్చుకోవడం. జీవితమంతా ఇచ్చినవాళ్ళకే ఇది ఎక్కువ కష్టం, నేను చాలా ఇళ్ళలో చూశాను. యోహాను 13లో ప్రభువు శిష్యుల కాళ్ళు కడుగుతుంటే పేతురు ఏమన్నాడు? నా కాళ్ళు నువ్వు ఎన్నటికీ కడగకూడదు అన్నాడు. వినేవాళ్ళకి అది ఎంత భక్తిగా, ఎంత వినయంగా ఉంటుంది! ప్రభువేమో, కడగనివ్వకపోతే నాతో నీకు పాలు (వాటా) లేదు అన్నాడు. శ్రమల దినాల్లో గురువారం నాడు మనం ఈ భాగం చదివినప్పుడు కడిగేవాళ్ళ వైపు నుంచే ప్రసంగం చేస్తాం. దుమ్ము కాళ్ళు చాపి ఇంకొకరి ముందు కూర్చోవడం గురించి ఎవరూ మాట్లాడరు, నాకైతే అదే ఎక్కువ కష్టమనిపిస్తుంది.

ప్రభువు తన జీవితంలో ఎంత పుచ్చుకున్నాడో ఒకసారి చూడు. బావి దగ్గర ఊరూ పేరూ తెలియని సమరయ స్త్రీని తాగడానికి నీళ్ళు అడిగాడు. మగ్దలేనే మరియ, యోహన్న, సూసన్న ఇంకా చాలామంది స్త్రీలు తమకున్న దాంట్లోంచి ఆయనకీ శిష్యులకీ ఖర్చు పెట్టారని లూకా 8లో ఉంది. యెరూషలేములోకి వెళ్ళడానికి ఎక్కిన గాడిదపిల్ల ఇంకొకరిది. సిలువ మోయలేకపోయినప్పుడు కురేనీయుడైన సీమోను మోశాడు. చివరికి పెట్టిన సమాధి కూడా అరిమతయి యోసేపుది. తండ్రిని ఆయనకంటే ఎక్కువ నమ్మినవాళ్ళు ఎవరున్నారు చెప్పు?

ఇవి నువ్వు ఫోనులో గడగడా అప్పజెప్పకు. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ 13వ అధ్యాయం నాన్నగారినే చదవమను, చదివించి ఊరుకో. ఆయన పెద్ద మనిషి, వాక్యం తెలిసినవాడు, నువ్వు అర్థం చెప్పనక్కర్లేదు. మీ అన్నయ్యతో మాత్రం ఆ గర్వం అనే మాట ఇంకెప్పుడూ ఎత్తవద్దని చెప్పు.

కొండపి_కుర్రోడు

అక్కా, ముందు ఆరోగ్యశ్రీ సంగతి. ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. అందులో బైపాస్ ఉంది. నాన్నగారు అనుకుంటున్నట్టు ఆయన చేయించుకుంటే ఇంకో పేదవాడికి తగ్గిపోదు, అర్హత ఉండి జబ్బు ఉన్న ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. ఈ ఒక్క ముక్క ఆయనకి సరిగ్గా చెబితే సగం పని అవుతుంది, ఎందుకంటే ఆయన బాధ ఇంకొకరి వాటా తినడం గురించి. రేషన్ కార్డు, ఆధార్, యాంజియోగ్రామ్ రిపోర్టు, దాని సీడీ పట్టుకుని నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరికి వెళ్ళు, మిగతాది వాళ్ళు చెప్తారు. హైదరాబాదులో అన్ని ఆసుపత్రుల్లోనూ ఆంధ్రా కార్డు చెల్లదు, ముందే కనుక్కో. ఒంగోలు, గుంటూరు వైపు చూసుకుంటే అమ్మకి కూడా తేలిక.

రెండోది వేలం. మా ఇంట్లోనూ పొగాకే అక్కా. వేలం మొదలైనంత మాత్రాన మన బేళ్ళన్నీ ఒక్క రోజులో పోవు, నెలల తరబడి సాగుతుంది, ధర రాకపోతే బేలు వెనక్కి ఇంటికి తెచ్చుకోవడమే. గుండె అన్నాళ్ళు ఆగుతుందని ఎవరు చెప్పారు? పెద్దాయన్ని తప్పు పట్టే వయసు నాకు లేదు, కానీ "ఈలోపు దేవుడు చూసుకుంటాడు" అన్నప్పుడు ఆయన నిజంగా ఆధారపడుతున్నది పొగాకు ధర మీదేమో ఆలోచించాలి. యాకోబు 4:13 నుంచి 15 వరకు చదవండి. రేపేం జరుగుతుందో తెలియని మనం, వచ్చే లాభం చూసుకుని తేదీలు పెట్టుకోవద్దనే కదా అక్కడ ఉన్నది.

పల్నాటి_తమ్ముడు

పైన ఇద్దరూ మంచి మాటలు చెప్పారు, కానీ ఒక విషయం ఎవరూ ముట్టుకోలేదు.

సిస్టర్, మీ ఊరు, మీ సంఘం చెప్పారు కాబట్టి మనది ఒకే పేట చరిత్ర అనుకుని రాస్తున్నాను. మా తాత ఒక ఆసామి దగ్గర జీతగాడు. ఇంట్లో ఎవరికైనా రోగం వస్తే ఆ వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడాలి, వాళ్ళకి తీరికైనప్పుడు వచ్చి ఇంత ఇస్తారు, ఆ ఇచ్చినదానికి లెక్క ఎప్పటికీ తీరదు, దాని పేరు చెప్పి మా నాన్నని కూడా చిన్నప్పుడే గొడ్ల వెంట పంపారు. మా నాన్న ఇప్పటికీ ఎవరి దగ్గరా చేబదులు కూడా అడగడు. అన్నం లేకపోతే నీళ్ళు తాగి పడుకుంటాడు గానీ అడగడు. ఆ తరం మనుషులకి పుచ్చుకోవడం అంటే ఆ వాకిలి గుర్తొస్తుంది. దాన్ని గర్వం అని తేల్చేయడం చాలా అన్యాయం. మన పేటల్లో ప్రభువుని నమ్ముకున్నవాళ్ళకి మొట్టమొదట దొరికింది తల ఎత్తుకుని నిలబడే ధైర్యం. దాన్ని ఆయన అంత తేలిగ్గా వదులుకోడు, వదులుకోకూడదు కూడా.

వినయం గురించి మన ప్రసంగాలు కొన్ని వింటే నాకు బాధ కలుగుతుంది. తరతరాలుగా వంగిన వాళ్ళని ఇంకా వంగమంటారు. లూకా 1లో యేసు తల్లి మరియ ఏం పాడింది, బలవంతులను సింహాసనాల నుంచి పడద్రోసి దీనులను ఎక్కించాడని పాడింది. దేవుడి ముందు తగ్గించుకోవడం ఒకటి, మనిషి ముందు చిన్నబుచ్చుకోవడం ఇంకొకటి. మీ నాన్న మొదటిది పూర్తిగా నేర్చుకున్నారు. రెండోది చేయనంటున్నారు, అంతే.

కాబట్టి మారాల్సింది ఆయన ఒక్కరే కాదు, ఇచ్చే పద్ధతి కూడా మారాలి. నాకు తెలిసిన ఒక సంఘంలో జబ్బు చేసిన ఒకాయనకి బియ్యం బస్తా ఇచ్చి, పక్కన నలుగురు నిలబడి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆయన ఆ తర్వాత గుడికి రావడమే మానేశాడు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట ఇచ్చేవాళ్ళకే చెప్పింది. ఇచ్చేవాడు వినయంగా ఇస్తేనే తీసుకునేవాడు తల ఎత్తుకుని తీసుకోగలడు. మీ సంఘంలో ఆయన వయసు వాడు, ఆయనతో కలిసి పనిచేసినవాడు ఒకరుంటే, ఆయన్ని ఒక్కరినే మాట్లాడమనండి. గుంపుగా ఇంటికి రావద్దు, ఆదివారం పేర్లు, మొత్తాలు చదవద్దు. 2 కొరింథీ 8:14 చూపించమనండి. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది వాళ్ళ అవసరానికి, ఇంకోసారి వాళ్ళ దగ్గర ఉన్నది మీ అవసరానికి, అందరికీ సమానంగా ఉండాలని పౌలు రాశాడు. ఇన్నాళ్ళూ మీ నాన్న వంతు నడిచింది, ఇప్పుడు వాళ్ళ వంతు.

ఒంగోలు_ఆడపిల్ల

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి ఏడ్చాను. మా తాతది కూడా అచ్చం అదే కథ, నాన్న మాకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, నానమ్మ చెప్పింది.

ఆరోగ్యశ్రీ సంగతి నిన్న రాత్రి ఫోనులో వివరంగా చెప్పాను. ఇంకొకరికి తగ్గదని చెప్పాక కాసేపు ఏం మాట్లాడలేదు, "సరే, కనుక్కో" అన్నారు. కానీ దాని బయట కూడా ఖర్చులుంటాయి కదా, అమ్మ అక్కడ ఉండటం, తిరగడం, ఆ తర్వాత మందులు, ఈ సీజన్ అంతా కూలీలు. దానికి మాత్రం మళ్ళీ అదే మాట.

రెండు కారణాలు చెప్పారు. ఒకటి, జార్జ్ ముల్లర్ గారు జీవితాంతం మనుషుల్ని అడగకుండా దేవుణ్ణే అడిగారు కదా, నేనెందుకు అలా ఉండకూడదు అంటారు. రెండు, "ఇన్నేళ్ళు దేవుణ్ణి నమ్ముకోండని కుర్రాళ్ళకి చెప్పి, నాకు వచ్చేసరికి చెయ్యి చాపితే వాళ్ళేం అనుకుంటారు?" దీనికి నా దగ్గర జవాబు లేదు.

గుంటూరు_మాస్టారు

అమ్మాయీ, నేను లూథరన్ సంఘంవాణ్ణి, బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నాన్నగారు ముల్లర్ గారి పేరు ఎత్తారు కాబట్టి నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే జవాబు అక్కడే ఉంది.

ముల్లర్ గారు ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లల కోసం ఇల్లు తెరిచారు. అవసరాన్ని దేవుడికి తప్ప ఎవరికీ చెప్పననే నియమం పెట్టుకున్న మాట నిజమే. కానీ వచ్చినదాన్ని వెనక్కి పంపడం ఆయన పద్ధతి కాదు. చిల్లర నాణేల దగ్గర నుంచి పెద్ద మొత్తాల దాకా వచ్చినవి పుచ్చుకుని పుస్తకంలో రాసుకున్నారు, ఏటేటా లెక్కలు అచ్చువేసి అందరికీ చూపించారు. వేలమంది పిల్లలు తిన్న అన్నమంతా మనుషుల చేతుల మీదుగానే వచ్చింది. ఆయన విశ్వాసం గొప్పదనం ఏమిటంటే, ఆ చేతుల్ని పంపింది దేవుడేనని గుర్తుపట్టడం. మన హైదరాబాదు హెబ్రోను ప్రార్థన మందిరంలో సువార్తికుడు భక్త సింగ్ గారిని చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. జీతం లేదు, చందాలు అడగడం లేదు, అయినా కూడికలకి వచ్చిన వేలమందికి భోజనాలు పెట్టారు. అవి కూడా విశ్వాసులు తెచ్చి ఇచ్చినవే.

ఇప్పుడు మీ ఇంటి సంగతి చూడు. నాన్నగారు ఎవరినైనా అడిగారా? లేదు. దేవుణ్ణి అడిగారు, సంఘం తనంతట తానే ఇంటికి వచ్చింది. ముల్లర్ గారైతే ఆ రోజు మోకాళ్ళ మీద స్తోత్రం చెప్పి తీసుకునేవారు. మీ నాన్నగారు టీ ఇచ్చి పంపించేశారు. ఏలీయా ప్రవక్త సంగతి కూడా అంతే, మొదట కాకులు తెచ్చిపెట్టాయి, తర్వాత దేవుడే ఆయన్ని సారెపతులో పిడికెడు పిండి మిగిలిన విధవరాలి ఇంటికి పంపాడు. నాకంటే లేనిది కదా, ఆమె దగ్గర ఎలా తినేది అని ఏలీయా అనుకుని ఉంటే ఆ ఇంట్లో పిండి తరగకపోవడం అనే అద్భుతమే లేదు.

పల్నాటి తమ్ముడు చెప్పిన గౌరవం మాట కూడా మీ ఒంగోలు చరిత్రలోనే ఉంది. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చిన జనానికి పని ఇచ్చి కూలి ఇప్పించారు, మన బోధకులే అక్కడ మేస్త్రీలుగా ఉండి పని చూసుకున్నారు. కూటి కోసం మతంలోకి వచ్చారని ఎవరూ అనకూడదని కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటే సాయం చేస్తూనే మనిషిని నిలబెట్టవచ్చని మీ పెద్దలకి అప్పుడే తెలుసు. నాన్నగారికి ఇది నాకంటే బాగా తెలిసి ఉంటుంది, ఆయన నోటే చెప్పించు.

కుర్రాళ్ళు ఏమనుకుంటారన్న దానికి ఒకటే చెప్తాను. పౌలు జైల్లో ఉండి ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం చివర, ఎపఫ్రొదితు చేత మీరు పంపినవి అందాయి, నాకు ఏ కొరతా లేదని సంఘమంతటికీ వినిపించేలా రాశాడు. ఏ స్థితిలోనైనా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని చెప్పింది కూడా ఆ అధ్యాయంలోనే, కొన్ని వచనాల ముందే. రెండూ ఒకే మనిషి, ఒకే ఉత్తరం. పౌలు పుచ్చుకున్నాడని ఫిలిప్పీ కుర్రాళ్ళ విశ్వాసం సన్నగిల్లలేదు. మీ సంఘంలో తీరిపోయినవాళ్ళ సాక్ష్యాలే ఉన్నాయని బాధపడ్డావు కదా, ఆపరేషనుకి ముందే, ఏమవుతుందో తెలియకుండానే నాన్నగారు నిలబడి "నాకు మీ ప్రార్థన కావాలి" అని చెబితే ఆ కుర్రాళ్ళు అలాంటి సాక్ష్యం మొదటిసారి వింటారు. దానియేలు గ్రంథంలో ముగ్గురు యువకులు అగ్నిగుండం ముందు అన్న మాట అదే కదా, దేవుడు తప్పించగలడు, తప్పించకపోయినా మేము నీ దేవతల్ని పూజించమని.

ఒంగోలు_ఆడపిల్ల

మాస్టారూ, మీరు రాసిందంతా ప్రింటు తీసుకుని వెళ్ళి నాన్నకి ఇచ్చాను. అమ్మగారు చెప్పినట్టు యోహాను 13 కూడా ఆయనతోనే చదివించాను. ఆ రాత్రి ఏమీ అనలేదు. పొద్దున్నే ముల్లర్ గారి గురించి "ఈ సంగతి నేను ఇలా ఆలోచించలేదు" అన్నారు.

ఇప్పుడు ఉన్న పరిస్థితి ఇది. ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చింది, వచ్చే వారం చేరుస్తున్నాం. నా డబ్బు కొంత ఒప్పుకున్నారు. సంఘం డబ్బు మాత్రం ఇంకా వద్దనే అంటున్నారు, కానీ ఆయన పాత స్నేహితుడు ఒకాయన వచ్చి "డబ్బు కాదు, నీ పొగాకు గ్రేడింగ్ మేం చేస్తాం, బేళ్ళు కట్టి వేలం ప్లాట్‌ఫారానికి మేమే తోలుకెళ్తాం" అంటే దానికి సరే అన్నారు! నిన్నటి నుంచి మా ఇంటి ముందు సంఘంలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కూర్చుని ఆకు వేరుచేస్తున్నారు. నాన్న ఒక నోటుబుక్ పెట్టుకుని ఎవరు ఏ రోజు వచ్చారో రాస్తున్నారు, లేచాక వాళ్ళ పొలాల్లో తిరిగి పని చేయాలట. అన్నయ్య దాన్ని ఆపేయమంటున్నాడు. ఆపించాలా?

అమ్మగారు_తెనాలి

ఆపవద్దమ్మా, రాసుకోనివ్వు. ఆయనకి తీసుకోవడం వచ్చే దారి అదే అయితే అలాగే రానీ. డబ్బు విషయం కూడా ఇప్పుడు ఒత్తిడి చేయవద్దు, సంఘం పోగుచేసింది కోశాధికారి దగ్గరే ఉండనివ్వమని చెప్పు, మందులకో తిరగడానికో అవసరం వచ్చినప్పుడు మీ అమ్మ చేతికి ఇవ్వవచ్చు. ఆసుపత్రిలో అమ్మకి తోడు రాత్రిళ్ళు ఎవరుంటారో ముందే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళతో మాట్లాడి పెట్టుకో, గుంటూరులో చేరుస్తుంటే నాకు మెసేజ్ పెట్టు, భోజనం మా ఇంటి నుంచి పంపిస్తాను. ఆ నోటుబుక్ మాత్రం నీ దగ్గర పెట్టుకో, ఛాతీ ఎముక అతికేదాకా, డాక్టరు చెప్పినదాకా, కనీసం మూడు నెలలు బేలు కాదు కదా నీళ్ళ బిందె కూడా ఎత్తనివ్వకు.